పట్టి యుంచుట దయ యగునా?

వీరశైవ ధర్మమునకు దయయే పునాది. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరులు బోధించిన మార్గమున, ప్రాణులయెడ కరుణ లేని ఆచారమునకు విలువ లేదు. అయితే దయ యని తలచి మనము చేయు పనులన్నియు దయయే యగునా? ఈ ప్రశ్నకు ఒక చిన్న ప్రాణి మంచి ఉదాహరణము.

దక్షిణ భారతమున, తమిళ ఆంధ్ర దేశముల మెట్టభూములలో ముళ్ల ఎలుక అను జంతువు కలదు. పేరున ఎలుకయేగాని అది ఎలుక జాతిది కాదు, ఏదుపంది అసలే కాదు. పురుగులను తిని బ్రతుకును. 1851లో హార్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞుడు దీనిని మొదట వర్ణించెను.

అట్టిది ఒకటి అనంతపురము సీమలో వేరుసెనగ పెరుకు వేళ పొదక్రింద ఉండవలె చుట్టుకొని కనబడినదనుకొందము. పిల్లలు జాలిపడి గోనెసంచిలో ఇంటికి తెత్తురు. గంపక్రింద నుంచి పాలు పోయుదురు. పెద్దలును, "కరవునేలపై ఎండకు చచ్చుటకంటె మన యింట తిని బ్రతుకుట మేలు గదా!" అందురు. ఈ మాట త్రోసివేయదగినది కాదు. ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగా వాన కురియు సీమలో, బావులెండుట, పశువులను తెగనమ్ముట చూచినవారి మాట యది. ఆకలి ఎరిగినవాడే అన్నము పెట్టును.

అయినను ఆ ప్రాణి స్థితిని విచారింపవలెను. పాలు దానికి అరగవు, విరేచనములు పట్టును. పగలు నిద్రించి రాత్రి తిరుగుట దాని స్వభావము. గంపక్రింద దానికి పగలు నిద్ర లేదు, రాత్రి నడక లేదు. అది ముడుచుకొనుట చూచి పిల్లలు ముచ్చటపడుదురు. కాని అది ఆట కాదు, భయము. ఇక కరవు మాట. ఈ తెగ జంతువులు మేత దొరకనపుడు శరీరపు వేడిని తగ్గించుకొని, కదలక, చాలదినములు ఓర్చుకొనగలవు. కరవునకు మనకంటె అవే సిద్ధపడి పుట్టినవి.

శరణులు స్థావరముకంటె జంగమమునకు పెద్దపీట వేసిరి. జంగమమునకు చెల్లు పూజ్యత జంతువునకు అంటగట్టుట తగదు. అయినను ఆ పదమునకు చలించునది యని గదా అర్థము! చలించుటకై పుట్టినదానిని కదలనీయక యుంచి, దానికి దయ యని పేరు పెట్టుట పొసగదు. దాసోహమునందును ఇదే సూక్ష్మము కలదు. దాసోహి అతిథికి అన్నము పెట్టును. పెట్టితినని అతిథిని ఇంట కట్టివేయడు. ఇచ్చి, పుచ్చుకొన్నవానిని నావాడనుట దాసోహము కాదు, బేరము.

గాయపడినదానిని చేరదీయుట మాత్రము ధర్మమే. పెట్టెలో గుడ్డ పరచి, చీకటిచోట నుంచి, లోతులేని పళ్లెములో నీరు పెట్టి, పశువైద్యునికిని అటవీశాఖ వారికిని తెలుపవలెను. కోలుకొన్న పిదప వారి సలహాతో, దొరికిన తావుననే సందెవేళ విడువవలెను. వన్యప్రాణుల సంరక్షణకై 1972లో చట్టము వచ్చినది. కాని చట్టభయమున చేయు పనికంటె ధర్మబుద్ధితో చేయునది మేలు. విదేశములలో ఇండ్లలోనే పుట్టి పెరుగు ఆఫ్రికా జాతి సంగతి వేరు. వానిని అడవిలో విడిచిన బ్రతుకవు గనుక, పెంచువారు కడదాక సేవించుటకు బద్ధులు.

మన మెట్టప్రాణికి మనము చేయగల దాసోహము పొలములోనే కలదు. గట్లమీది పొదలను తగులబెట్టకుండుట, విషపు మందులను అవసరమునకు మించి చల్లకుండుట, రాత్రివేళ దారులలో బండ్లను నెమ్మదిగా నడుపుట, ఇవి చాలును. పురుగులను తిని అదియు మన పైరునకు మేలు చేయును.

చేత చిక్కినదానిని విడుచుట పిల్లలకు కష్టమే. ఏడ్చుదురు కూడ. పెద్దలు కసరుకొనక, వారి చేతనే గంప తీయించి, పొదవద్ద దానిని విడిపించవలెను. దయ యనగా ఏమియో ఆ పిల్లలు అప్పుడు నేర్తురు.