చూచుటకా? చూపుటకా?

వస్తువును కొనుట మిక్కిలి సామాన్యమైన పని. అందు ధర్మవిచారణకు తావెక్కడిదని కొందరు తలపవచ్చును. కాని మితమైన ఆదాయముగల గృహస్థునకు ఒకటి పుచ్చుకొన్నచో మరియొకటి విడువక తప్పదు. ఏది విడిచితిమి, ఎవరి నిమిత్తము విడిచితిమి అను ప్రశ్న నీతికి సంబంధించినదే. ఈ ప్రశ్న నేడు మన చంద్రపూరు తెలుగు కుటుంబములలో పెద్ద తెర టెలివిజను రూపమున తరచు ఎదురగుచున్నది. కావున దానినే ఉదాహరణముగా గ్రహించి విచారింతము.

మన దేశమున టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రారంభమైనది. హైదరాబాదు కేంద్రము 1977లో వెలసినది. 1982లో రంగుల ప్రసారములు వచ్చినవి. బొగ్గు గనులలోను, బల్లార్‌పూరు కాగితపు మిల్లులోను పనికి వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడిన మనవారికి ఆ దినములలో ఇంట తెలుగు వినిపించు సాధనములు స్వల్పము. 1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానళ్లు బయలుదేరిన పిమ్మట ఆ లోటు చాలవరకు తీరినది. వీధిలో మరాఠీ, బడిలో మరాఠీయో హిందీయో ఇంగ్లీషో వినుచు పెరుగు మనుమలు అవ్వ ప్రక్కన కూర్చుండి తెలుగు వినుట కొంతవరకు ఈ పెట్టె మూలముననే జరుగుచున్నది. కావున దీనిని విలాసవస్తువని త్రోసివేయుట న్యాయము కాదు. ఎంతటి తెర కొనవలెను, ఏ కొలతనుబట్టి నిర్ణయింపవలెను అనునదే మనము తేల్చుకొనవలసిన సంగతి.

దుకాణములలో తెరను ఒక మూలనుండి ఎదుటి మూలకు కొలిచి అంగుళములలో చెప్పుదురు. 32 అంగుళముల తెర వైశాల్యము సుమారు 438 చదరపు అంగుళములు. 43 అంగుళములది 790. 55 అంగుళములది 1,293. అనగా 32 నుండి 43కు పోయినంతనే తెర ఇంచుమించు రెట్టింపగుచున్నది. ఇక కూర్చుండు దూరమును మన గోడలే నిర్ణయించును. మూల కొలతకు ఒకటిన్నర రెట్లకు కొంచెము పైబడిన దూరము అనుకూలమని తెలిసినవారు చెప్పుదురు. ఆ లెక్కన 43 అంగుళములకు ఆరడుగులు, 55కు ఏడడుగులకు పైగా కావలెను. మరియొక విషయము. మంచి కంటికి సైతము సూక్ష్మతను గుర్తించుటకు ఒక హద్దు కలదు. 43 అంగుళముల తెరను ఆరడుగులకు మించిన దూరమునుండి చూచువానికి ఫుల్ హెచ్‌డీ తెరకును, దానికి నాలుగు రెట్లు చుక్కలుగల ఫోర్ కే తెరకును భేదము దాదాపు కానరాదు. కానరాని దానికి అధిక మూల్య మిచ్చుట ఎందులకు?

ఒక పింఛనుదారుని ఇంటిని ఊహింపుడు. గది చిన్నది, చేతనున్న సొమ్ము 25,000 రూపాయలు. ఆ గదికిని ఆ సొమ్మునకును 43 అంగుళముల తెర చక్కగా సరిపోవును. అయినను పొరుగింట 55 ఉన్నదనియు, మిగిలినది వాయిదాలలో కట్టవచ్చుననియు పిల్లలు పట్టుపట్టుదురు. ఇచ్చట చూచుట పోయి చూపుట ప్రవేశించుచున్నది. మొదటిది ఇంటివారి కంటికి సంబంధించినది. రెండవది వచ్చిపోవువారి కంటికి సంబంధించినది.

చూపవలెనను కోరికను కేవలము డాంబికమని నేను నిందింపను. అన్యభాషా ప్రాంతమున రెండు మూడు తరములు శ్రమించి నిలద్రొక్కుకొన్నవారు తాము ఎవరికిని తీసిపోలేదని చూపదలచుట సహజము. పిల్లకు సంబంధము చూడ వచ్చువారు ఇంటి నలువైపుల పరికింతురు గదా! కాని అతిథి కూర్చుండునది ఒక గడియ. వాయిదా కూర్చుండునది నెలల తరబడి. ఆ వాయిదా చెల్లించునది ఎవరు? పేరునకు యజమాని, నిజమునకు ఇంటిలో నోరు మెదపనివారు. అవ్వ కళ్లజోడు వచ్చే నెలకు, ఇల్లాలి మందులు ఆ పై నెలకు వాయిదా పడును. చూపుటలోని దోషమంతయు ఇచ్చటనే ఉన్నదని నా అభిప్రాయము.

లెక్కలు వ్రాసి జీవించినవాడను గావున మరి రెండు మాటలు. వడ్డీలేని వాయిదా యను మాటను నమ్మి మోసపోరాదు. సున్న వడ్డీ యనునది వాస్తవమున లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు స్పష్టము చేసినది. రొక్కమునకు దొరకవలసిన తగ్గింపు అందు వడ్డీగా మారుచుండును. ఇక 32 అంగుళములకు మించిన తెరలపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతమునుండి 18 శాతమునకు తగ్గినది. పన్నుకు పూర్వము 30,000 రూపాయల వస్తువుపై ఇది 3,000 రూపాయల మిగులు. ఆ మిగులు మరింత పెద్ద తెరకు పోవలెనా, కళ్లజోడునకు పోవలెనా? ధర్మమను పెద్ద మాట ఇట్టి చిన్న పద్దులయందే తేలును.

అట్లని చిన్నదే ఉత్తమమని నా వాదము కాదు. అవ్వ చూపు మందగించి, మోకాళ్ల నొప్పిచే మంచమునుండి కదలలేక, తొమ్మిదడుగుల దూరమునుండియే చూడవలసివచ్చినచో 55 అంగుళముల తెర ఆమె కొరకు కొన్నదగును. అపుడు పిల్లలు మరియొక కోరికను మానుకొని కొనినను అది మెచ్చదగిన పనియే. తెర పరిమాణము ఒకటే; ఎవరి కొరకు కొంటిమో దానినిబట్టి గుణము మారుచున్నది.

కావున అంగడికి పోకముందే ఇంటిలో ఒక దారము తీసికొని గోడకును మంచమునకును నడుమ దూరమును కొలువుడు. చూపు తక్కువగల పెద్దలను ముందుగా అడుగుడు. ఇయ్యగల సొమ్మును కాగితముపై వ్రాసికొనుడు. అంగడిలో తెరలన్నియు మిరుమిట్లు గొలుపునట్లు అమర్చబడియుండును. అచ్చట ఆలోచించుట కష్టము. నక్షత్రముల చీటీపై ఏడాదికి ఎన్ని యూనిట్ల విద్యుత్తు వ్యయమగునో చదువుడు. ఆ విద్యుత్తునకై మన నేలనుండి బొగ్గు త్రవ్వినవారిలో మన తండ్రులును ఉన్నారు. ఊరిలో మరమ్మతు చేయువాడు కలడో లేడో విచారింపుడు. పిదప ధైర్యముగా కొనుడు. ఆ తెర ముందు ముసలివారును పసివారును కలిసి కూర్చుండి, మన తెలుగు మాట సుఖముగా విందురుగాక!