రంగు మార్చు బిడ్డా, ఎండను మార్చకు

బిడ్డా, నువ్వు పంపిన చీరల ఫోటోలన్ని కంప్యూటర్‌ల ఎక్కించుకొని నిదానంగ చూసిన. ఒక్క పసుపు చీరకు ఫోటో తీసి, దాన్నే మెరూన్, ఆకుపచ్చ, నీలం, నలుపు చేసి పెట్టమని షాపాయన అడిగిండని చెప్పినవు గద. మెరూన్ దూరం నుంచి చూస్తే మంచిగనే కుదిరింది. ఆకుపచ్చకు వంక పెట్టేదేం లేదు. నీలం మాత్రం పాలిపోయింది. నలుపైతే నలుపు కానే కాలేదు, బూడిద రంగు కాడనే ఆగిపోయింది. ఫోన్ల చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తవు, అందుకే రాస్తున్న.

ముందు నీలం ఎందుకు చెడిందో చూద్దాం. మన కంటికి రంగులన్ని ఒక్క తీరు వెలుగుతోటి కనపడవు. తెలుపును 100 పాళ్ల వెలుగు అనుకుంటే అండ్ల ఆకుపచ్చది 59, ఎరుపుది 30, నీలానిది 11 అని టీవీల కాలం నుంచి ఒక లెక్కున్నది. ఫోటోషాప్‌ల 'కలర్' అనే బ్లెండ్ మోడ్ నడిచేది కూడా ఈ లెక్క మీదనే. స్క్రీన్ మీద పసుపు అంటే ఎరుపు, ఆకుపచ్చ కలిసింది, అంటే 89 పాళ్లు. అచ్చ నీలం 11 పాళ్లే. నువ్వేం చేసినవు? పసుపు చీర మీద నీలం లేయర్ పరిచి 'కలర్' మోడ్ పెట్టి చేతులు దులుపుకున్నవు. అది రంగు మార్చింది, వెలుగును ఎక్కడి గొంగళి అక్కడే అన్నట్టు ఉంచింది. 89 పాళ్ల వెలుగున్న నీలం ఆకాశంల ఉంటది గని, పట్టుచీరల ఉండదు. నలుపు బూడిద రంగు కాడ ఆగిందీ అందుకే.

ఆ నీలం లేయర్ మీద ఒక కర్వ్స్ లేయర్ పెట్టు, చీర మాస్క్‌నే దానికీ తొడుగు. గీతను నడిమిట్ల పట్టుకొని కిందికి గుంజు. పై కొసను మాత్రం ముట్టకు. పై కొస అంటే చీర మడత మీద వెలుగు తళుక్కుమనే కాడ. ముదురు నీలం పట్టుచీరను ఎండల పట్టి చూడు, ఆ తళుకు తళుకు లెక్కనే ఉంటది, మడత లోపల మాత్రం చీకటే ఉంటది. అంతటా ఒక్క తీరు చీకటి చేసినవంటే చీర చచ్చిపోతది.

ఇక్కడ ఒకటి మనసుల పెట్టుకో. గుడ్డ తన వంతుగ వెలుగును ఎంత తాగుతది అనేది రంగుతోటి మారుతది, దాన్ని నువ్వు మార్చాల్సిందే. ఎండ ఏ దిక్కు నుంచి పడ్డది, నీడ ఎటు పోయింది, మెరుపు ఏడ నిలిచింది, ఇవి రంగుతోటి మారవు. వీటి జోలికి పోకు. చూసేటోళ్లకు రంగుల శాస్త్రం తెల్వదు, కని నీడ తప్పితే మాత్రం ఇట్టే పట్టేస్తరు. ఏం తప్పో చెప్పలేరు, ఏందో తేడా కొడుతున్నదంటరు.

ఇది నిన్న మొన్నటి విద్య అనుకోకు. ఫోటోషాప్ 1990ల వచ్చింది, లేయర్లు 1994ల మూడో వెర్షన్‌తోటి వచ్చినయి. అంతకు ఎంతో ముందు నుంచే స్టూడియోలల్ల బ్లాక్ అండ్ వైట్ ప్రింటు మీద దూదితోటి, సన్న బ్రష్షుతోటి రంగులద్దుడు ఉండె. పెండ్లి ఫోటోల చీరకు ఎరుపు, పెదవులకు జరంత గులాబీ, నగలకు పసుపు. ఆ రంగులు పల్చగుండేటివి. కిందున్న వెలుగు నీడలు అట్లనే పైకి కనపడాలె, రంగు వాటి మీద ఒక పొరంత ఉండాలె. చిక్కగ పూసినోని ఫోటో గోడకేసిన బొమ్మయ్యేది. నీ 'కలర్' మోడ్ చేసేది ఆ పల్చటి రంగు పనే.

మన తెలుగోళ్లల్ల ఈ పని పెద్ద ఎత్తున జరిగింది 'మాయాబజార్'కు. కె.వి. రెడ్డి 1957ల తీసిన సినిమాను హైదరాబాద్‌ల గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వాళ్లు రంగులల్లకు మార్చి, 2010 జనవరి 30న థియేటర్లల్ల వదిలిన్రు. రంగులు కంప్యూటర్‌వి, వెలుగు మాత్రం మార్కస్ బార్ట్లే కెమెరా వెనక నిలబడి పెట్టుకున్నది. ఆ వెలుగు అంత నికార్సుగ లేకుంటే ఎన్ని రంగులు పూసినా నిలిచేటివి కావు. ఒకసారి రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టుకొని చూడు, నాలుగు ట్యుటోరియల్స్ చూసినంత పని. వెన్నెల్ల పడవ పాట మాత్రం నాకు ఇప్పటికీ బ్లాక్ అండ్ వైట్‌లనే ముద్దు. అది నా పాతకాలపు పిచ్చి, నువ్వు పట్టించుకోకు.

ఇంగ నీ ఆకుపచ్చ చీర ఎందుకు కుదిరిందో నీకే తెల్వకపోవచ్చు. అక్కడ నువ్వు 'హ్యూ' స్లైడర్ జరిపినవు. మెరూన్ కాడ 'కలరైజ్' టిక్కు కొట్టినవు. రెండింటికి చాన తేడా ఉన్నది. చీర మడత లోపలికి చూడు, గుడ్డ మీది వెలుగు మళ్ల గుడ్డ మీదనే పడి అక్కడ రంగు చిక్కబడతది. ఆకాశం దిక్కున్న మడత మీద నీలి ఛాయ పడతది. సాయంత్రం ఎండ తగిలిన కాడ జర ఎర్రబడతది. ఒక్క చీరల ఒక్క పసుపు కాదు, పది పసుపులుంటయి. 'హ్యూ' జరిపితే ఆ పదీ ఒకదాని వెంట ఒకటి కొత్త రంగులకు నడుస్తయి. 'కలరైజ్' టిక్కు కొడితే పదీ కలిసి ఒక్కటైతయి, అందుకే మెరూన్ చీర దూరం నుంచి మంచిగున్నా దగ్గర చూస్తే ప్లాస్టిక్ లెక్కున్నది. పసుపు నుంచి మెరూన్‌కు 'హ్యూ' జరిపే పోవచ్చు, తర్వాత కర్వ్స్‌తోటి ముదురు చెయ్యి.

మెరుపు సంగతి వేరే. మన హైవే మీద పొద్దుగాల పోయే ఎర్రకార్ల బానెట్టు చూడు. కారు ఎర్రగుంటది, బానెట్టు మీద పడ్డ ఆకాశం మాత్రం ఎర్రబడదు, తెల్లగనో నీలంగనో ఉంటది. మెరుపుది వెలుగు రంగు, వస్తువుది కాదు. పట్టు మీద మెరుపు కూడ చాన మట్టుకు అంతే. కాబట్టి మడతల అంచున తెల్లగ మెరిసే కాడ మాస్క్‌ను సన్నని మెత్తని బ్రష్షుతోటి జర తుడిచెయ్యి, రంగు అక్కడ పల్చబడాలె. లోహానికి మాత్రం ఈ లెక్క చెల్లదు. బంగారు జరీ మీద మెరుపు బంగారు రంగుల్నే ఉంటది. నీ నీలం చీర ఫోటోల జరీ అంచుకు కూడ నీలం అంటింది, చూసుకున్నవా? జరీని వేరే మాస్క్ చేసి బయట పెట్టు. పని ఎక్కువే, కని అంచు చెడితే పట్టుచీర అంతా చెడ్డట్టే.

ఇంకొకటి, చాన మంది మరిచేది. చీర రంగు చీరల్నే ఉండిపోదు, పక్కనున్న వాటి మీద పడతది. నీ ఫోటోలల్ల చీర కట్టుకున్న పిల్ల గదవ కింద, మోచెయ్యి లోపలి దిక్కు చూడు. చీర నీలమైంది, గదవ కింద వెలుగు మాత్రం ఇంకా పసుపుగనే ఉన్నది. గాజుల మీద కూడ పసుపే. చీర మార్చిన్రు గని పిల్ల ఇంకా పాత చీరల్నే నిలబడ్డది. వేరే లేయర్ మీద 'కలర్' మోడ్ల, ఒపాసిటీ పదీ పదిహేను దాటకుండ, మెత్తటి బ్రష్షుతోటి అక్కడ ఒకసారి పల్చగ కొట్టు. అంతకంటే ఎక్కువైతే మొఖానికి నీలం పూసినట్టుంటది.

పుట్టపాక ఇక్కత్ చీరలు కూడ చేస్తున్నవు కాబట్టి దాని సంగతి జర పెద్దగనే చెప్త. ప్రింటెడ్ చీరల డిజైన్ గుడ్డ మీద పడతది. ఇక్కత్‌ల డిజైన్ నూలు మీదనే పుడతది. నేసేటందుకు ముందే నూలును లెక్క ప్రకారం పట్టుకొని, రంగు ఎక్కొద్దన్న కాడ రబ్బరు పీలికలతోటి బిగించి కట్టి, రంగుల ముంచుతరు. దాన్నే చిటికి కట్టుడంటరు. కట్టు ఎంత బిగించినా దాని అంచు కింద రంగు వెంట్రుక వాసి జొరబడతది. మగ్గం మీద పడుగూ పేకా కలిసేకాడ నూలు మళ్ల అంతే జరుగుతది. అందుకే పువ్వు అంచు, డైమండు అంచు కోసినట్టుండవు, ఈకల లెక్క చెదిరి ఉంటయి. దగ్గర జూమ్ చేసి చూస్తే పసుపుకు తెలుపుకు నడుమ రెండూ కలిసిన పల్చటి పసుపు చుక్కలుంటయి. నువ్వు మ్యాజిక్ వాండ్‌తోటి పట్టి, గీత గీసినట్టు మాస్క్ చేసినవు. ఆ పల్చటి చుక్కలు కొన్ని లోపల, కొన్ని బయట పడి, అంచు చుట్టూ పసుపు గీత మిగిలింది. ఇక్కత్ పోయి ప్రింటెడ్ చీర అయి కూసున్నది.

దానికి మందు సులువే. మాస్క్ పెద్దగ తీసుకొని చీరంతా పట్టు, లోపల 'హ్యూ' మాత్రమే జరుపు. తెలుపుకు సొంత రంగు లేదు కాబట్టి 'హ్యూ' ఎంత జరిపినా తెలుపు తెలుపుగనే ఉంటది, పల్చటి పసుపు చుక్కలు పల్చటి కొత్త రంగయితయి, ఈక ఈకగనే నిలుస్తది. ఒక్క రంగునే మార్చాల్నంటే హ్యూ-సాచురేషన్ డబ్బాల 'ఎల్లోస్' ఎంచుకో, కింద పట్టీ మీద ఉండే రెండు చిన్న త్రికోణాలను బయటి దిక్కు జరిపి మార్పు మెల్లగ కరిగేటట్టు చెయ్యి. రంగు నింపే లేయర్ జోలికి ఇక్కత్ కాడ పోవద్దు, తెలుపుకు కూడ మరక పడతది.

అదే పుట్టపాకల నేసే తేలియా రుమాలు ఫోటోలకైతే రంగులు మార్చనని కరాఖండిగ చెప్పు. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపుల్లోనే దాన్ని తీర్చిదిద్దిన్రు. 2020ల జీఐ గుర్తింపు వచ్చింది. గజం గోవర్ధన ఆ పుట్టపాక నేతతోటే 2011ల పద్మశ్రీ అందుకున్నడు. ఆ మూడు రంగులే దాని పేరు. స్లైడర్ జరిపి గులాబీ తేలియా చూపెడితే ఎరుకున్నోళ్లు నీ మొఖం మీదనే నవ్వుతరు.

ఫైళ్ల సంగతి ఒక్క ముక్కల చెప్త. షాపాయన వాట్సాప్‌ల పంపిన ఫోటో మీద పని చెయ్యకు. జేపెగ్ ఫైలు వెలుగును ప్రతి చుక్కకూ రాసుకుంటది గని, రంగును చాన మట్టుకు నాలుగు చుక్కలకు ఒక్కసారే రాసుకుంటది. వాట్సాప్ దాన్ని ఇంకా పిండుతది. మామూలుగ చూస్తే తెల్వదు, రంగు మార్చంగనే అంచులు పాచిపట్టినట్టు బయటపడతయి. డాక్యుమెంట్‌గ పంపమను, లేదంటే కెమెరా నుంచి రా ఫైలే తెచ్చుకొని 16 బిట్‌ల పని చెయ్యి. రంగు ముట్టేటందుకు ముందు వైట్ బ్యాలెన్స్ సరిచేసుకో. ట్యూబులైటు ఒక దిక్కు, కిటికీ వెలుగు ఒక దిక్కు పడ్డ ఫోటోల ఏ రంగు పెట్టినా ఒక పక్క అబద్ధమే చెప్తది. పని అయినంక ఎస్‌ఆర్‌జీబీల సేవ్ చెయ్యి, ఫోన్లల్ల చూసేటోళ్లే ఎక్కువ.

కంప్యూటర్ ముచ్చట అయిపోయింది, అసలు ముచ్చట ఇది. నువ్వు నిమిషంల చీరను ఐదు రంగులు చేస్తవు. నేసే ఆయనకు ఒక్కో రంగంటే మళ్ల కట్లు కట్టాలె, మళ్ల ముంచాలె, మళ్ల ఎండబెట్టాలె. నువ్వు స్క్రీన్ మీద తయారుచేసిన నెమలికంఠం రంగు ఆయన కుండల రాదనుకో, కొనుక్కున్నామె చీర వాపస్ పంపిస్తది. షాపాయన నష్టపోడు, నేసినోని మీదనే పెడతడు. ఆ నష్టంల నీ స్లైడర్ పాలు కూడ ఉంటది. కాబట్టి ముందు ఆయన కాడ ఏ రంగుల నూలున్నదో అడిగి, ఒక్కో రంగుకు చిన్న లడి తెప్పించుకో. చీరకు ఫోటో తీసేటప్పుడే ఆ లడులు కూడ పక్కన పెట్టి, అదే వెలుగుల ఒక ఫోటో తియ్యి. తర్వాత ఐడ్రాపర్‌తోటి లడి మీద ముట్టి, ఆ రంగుకే చీరను నడిపించు. లడి మీద మెరుపున్న కాడ ముట్టకు, నీడ పడ్డ కాడ ముట్టకు, నడిమిట్ల ముట్టు. ఇట్ల చేస్తే రంగు కోసం నువ్వు మెదడు కరిగించుకునే పని కూడ తప్పుతది. ఫోటో కింద రంగు మార్చిన ఫోటో అని చిన్నగ రాయమని షాపాయనకు చెప్పు. ఒప్పుకోకుంటే నీ పని నువ్వు చెయ్యి గని, చెప్పుడు మాత్రం చెప్పు.

పైసలకాడ మొఖమాటపడకు. అన్ని రంగులకూ ఒక్కటే రేటంటరు, వినకు. పసుపు నుంచి నారింజకు పోవుడు పది నిమిషాల పని, పసుపు నుంచి నీలానికి పూట పని. ముదురు నీలం చీర ఇచ్చి పసుపు చెయ్యమన్నోళ్లను మర్యాదగ వాపస్ పంపు. నీడలల్ల కెమెరా ఏమీ రాసుకోలేదు, నువ్వు వెలుగు పెంచితే గరగరలాడే చుక్కలు తప్ప ఏం రావు. ఫోటోకు ఇచ్చేటప్పుడే లేత రంగు చీర ఇయ్యమను, మరీ తెల్లది కాకుండ. తెల్లచీర ఇచ్చి నల్లగ చెయ్యమంటే మాత్రం, నల్లచీరనే ఇంకొకసారి ఫోటో తీద్దాం తెండి అని చెప్పు. అదే అగ్గువ.

మీ పెదనాయిన, చిట్యాల