వాదమా? వితండమా?



కొన్ని సంవత్సరములకు పూర్వము మన దేవాలయపు తెలుగు తరగతిలో దశావతారములను బోధించుచుంటిని. ఒక బాలుడు లేచి, “గురువుగారూ, జీవము నీటిలో మొదలై క్రమముగా మారుచు వచ్చినదని మా బడిలో చెప్పినారు. నిజమేనా?” అని అడిగెను. నేను, “అట్లయిన మీ తాత కోతియా?” అంటిని. తరగతి యంతయు నవ్వెను. బాలుడు తలవంచుకొని కూర్చుండెను. మరుసటి వారము రాలేదు. ఆ తరువాతను రాలేదు. ఆనాడు నేను గెలిచితినని తలంచితిని.

ఇటీవల బంధువులను చూచుటకు జర్మనీలోని కొలోన్ నగరమునకు పోయినప్పుడు ఆ సంగతి మరల జ్ఞప్తికి వచ్చినది. అచ్చటి మేలాటెన్ శ్మశానవాటికలో థియొడోర్ ష్వాన్ అను శాస్త్రజ్ఞుని సమాధి యున్నది. ఆయన 1810లో సమీపమందలి నోయిస్ పట్టణమున జన్మించి, కొలోన్‌లో చదివి, 1882లో అచ్చటనే మరణించెను. దైవభక్తి గల కాథలిక్కు.

కుళ్లు పదార్థములలో సూక్ష్మజీవులు తమంతట తామే పుట్టునని ఆ కాలమున పలువురు నమ్ముచుండిరి. ష్వాన్ మాంసరసమును మరగించి, బాగుగా కాచిన గాలిని మాత్రమే దానికి సోకనిచ్చెను. రసము కుళ్లలేదు. చక్కెర ద్రవమును పులియజేయు ఈస్టు ఒక జీవియేనని కూడ 1837లో ప్రకటించెను. చెరకు రసము పులియుట మన పెద్దలెల్ల రెరిగినదే గదా! 1839లో వోలర్, లీబిగ్ అను గొప్ప రసాయనవేత్తలు తమ పత్రికలో పేరు పెట్టక ఒక పరిహాస వ్యాసమును ప్రకటించిరి. ఈస్టును చక్కెర తిని మద్యసారము విసర్జించు వింతజంతువుగా వర్ణించిరి. ప్రయోగమున దోషమెక్కడనో ఆ వ్యాసము చూపలేదు. ఆ యేడే ష్వాన్ ఉద్యోగమునకై బెల్జియమునకు తరలిపోయెను. సుమారు ఇరువది యేండ్ల తరువాత లూయీ పాశ్చర్ ప్రయోగములు ఆయన మాటను నిలబెట్టినవి.

ఆ సమాధి యెదుట నిలిచినప్పుడు, నా కోతి మాటయు ఆ వ్యాసము వంటిదే యని తోచినది.

మన పూర్వులు ఇట్టి దోషములకు పేర్లు పెట్టియున్నారు. గౌతముని న్యాయసూత్రముల ననుసరించి, సత్యమును తెలిసికొనగోరునది వాదము. గెలుపునే కోరునది జల్పము. తన పక్షమేమో స్థాపింపక పరుల పక్షమును ఖండించుటయే వితండము. మాటకు వేరర్థము కల్పించుట ఛలము. ఒకనిని “నవకంబళుడు”, అనగా క్రొత్త కంబళి గలవాడు అన్నచో, “తొమ్మిది కంబళ్లేవి?” అని అడుగుట దానికి ప్రసిద్ధ దృష్టాంతము.

జీవోత్పత్తిని గూర్చిన చర్చలలో నేటికిని ఈ ఛలము కలదు. “థియరీ” యను మాటకు వ్యవహారమున ఊహ యని యర్థము; శాస్త్రమున పరీక్షలకు నిలిచిన వివరణ. ఒక యర్థమును రెండవ దానిచోట పెట్టుట తొమ్మిది కంబళ్ల వాదమే. మానవుడు నేటి కోతినుండి పుట్టెనని శాస్త్రము చెప్పదు. ఇరుజాతులకును ప్రాచీన మూలము ఒక్కటే యని చెప్పును. చెప్పని మాటను ఖండించుట సులభము.

జీవులెట్లు మారినవను ప్రశ్న వేరు; మొదటి జీవమెట్లు పుట్టినదను ప్రశ్న వేరు. మొదటి దానికి సాక్ష్యములు విస్తారము. రెండవది ఇంకను పరిశోధనలోనే యున్నది. పాశ్చర్ తన సీసాలలో జీవము పుట్టలేదని చూపెనే గాని, కోట్ల యేండ్ల క్రిందట ఎన్నడును పుట్టియుండదని చూపలేదు. 1953లో స్టాన్లీ మిల్లర్ వాయువులలో విద్యుత్తును ప్రసరింపజేసి అమైనో ఆమ్లములను పొందెను. జీవమునే సృష్టించెననుట అతిశయోక్తి. “దీనిచే దేవుడు లేడని తేలినది” యనుటయు, “మీకింకను తెలియదు గనుక మా మాటయే నిజము” అనుటయు ఒకే దోషము: సాక్ష్యము ఆగినచోట ఆగకపోవుట.

మరియొక సంగతి. 1897లో బుక్నర్ ఈస్టును నలిపి తీసిన రసము, జీవకణములు లేకయే, చక్కెరను పులియజేయునని చూపెను. కాబట్టి పులియుట రసాయన క్రియ యన్న లీబిగ్ మాటయందును సత్యాంశ ముండెను. పరిహాసము ఎదుటివాని సత్యమునే గాక, తన సత్యమును కూడ కప్పివేయును.

ఋగ్వేదమందలి నాసదీయ సూక్తము సృష్టి యెట్లు కలిగెనో ఎవరికి తెలియునని ప్రశ్నించి, సందేహముతోనే ముగియును. వేదమే ప్రశ్నకు చోటిచ్చినప్పుడు మన తరగతిలో చోటు లేకుండుట తగునా?

కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు వచ్చిన మన పెద్దలు, కష్టములలో సైతము రామభజనను, తెలుగు మాటను విడువక మన కప్పగించిరి. ప్రశ్నించు పిల్లలను నవ్వి పంపివేసినచో, వానిని మనమెవరి కప్పగింతుము? ఖండించుటకు ముందు, ఎదుటివాని మాటను అతడు ఔననునట్లు తిరిగి చెప్పుదము.

ఆ బాలుడు నేడు పెద్దవాడై యుండును. ఈ సంచిక అతని చేతికి చేరినయెడల, ఇది అతనికి: నాయనా, నీ ప్రశ్న మంచిది. నేనాడినది సమాధానము కాదు. మరల రమ్ము, కలిసి ఆలోచింతము.

శుభమస్తు.