మోసేవారికీ విశ్రాంతి

దక్షిణ అమెరికాలోని ఈక్వెడార్‌లో గుర్రాలపై వారం రోజుల విహారయాత్రలు చేయిస్తారు. దారి కోటోపాక్సి అగ్నిపర్వతం చుట్టూ ఉన్న పచ్చిక బయళ్ల మీదుగా సాగుతుంది. ఎత్తు 5,897 మీటర్లు; శిఖరాన మంచు, గర్భాన అగ్ని. 2015లో మరల బూడిద చిమ్మింది. 4,000 మీటర్ల ఎత్తున ప్రాణవాయువు సముద్రతీరంలో కన్న సుమారు 40 శాతం తక్కువ. జీనుమీద కూర్చున్నవారికే ఆయాసం! గుర్రాలు అక్కడే పుట్టి పెరిగినవి, నిజమే. అలవాటైనంత మాత్రాన అలసట ఉండదా?

ద్వితీయోపదేశ కాండము 5వ అధ్యాయము తెరవండి. విశ్రాంతి దినపు ఆజ్ఞలో యజమానితోపాటు దాసదాసీలు, ఎద్దు, గాడిద కూడ ఉన్నారు. గుర్రం పేరు లేదు గాని, పశువులన్న మాటలో అదీ చేరుతుందని నా తలంపు.

అక్కడి గుర్రపు పశుకాపరులను చాగ్రాలంటారు. ఉన్ని కంబళి కప్పుకొని యాత్రికులకు దారి చూపేది తరచు వారే. ఆ దేశంలో అధికులు కతోలికులు. వారం రోజుల యాత్రలో ఆదివారం తప్పక వస్తుంది గదా! ఆ ఉదయం పరుల గుర్రానికి జీను బిగిస్తున్నవాడు దివ్యపూజకు ఎప్పుడు వెళ్లాలి? యాత్ర కుదుర్చుకొనేటప్పుడు ధర అందరూ అడుగుతారు. ఈ మాట ఎవరడుగుతున్నారు?