చూచుచున్నవాని వంతు

బలవంతుడు బలహీనుని బాధించునపుడు ప్రక్కన నిలిచి చూచినవానికి ఆ పాపమున వంతున్నదా, ఉన్నచో ఎంత, అను ప్రశ్న ధర్మశాస్త్రపండితులకే విడువదగినది కాదు. ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతివరకు చదువు బాలబాలికలు ప్రతిదినము బడిలో దాని నెదుర్కొనుచునే యున్నారు. అయితే ఎవరును దానిని ప్రశ్నగా వారి ముందుంచకుండుటచేత బదులు చెప్పక తప్పించుకొనుచున్నారు.

వ్యాసభారతము ఆదిపర్వమున కురుబాలకుల క్రీడావర్ణన మొకటి కలదు. పండ్లకై చెట్లెక్కిన ధృతరాష్ట్రకుమారులను భీముడు మ్రాను తన్ని పండ్లతో గూడ నేల రాల్చెడివాడు. జలక్రీడలయందు పదిమందిని ఒక్కపట్టున కౌగిట నదిమి నీట ముంచి, ప్రాణములు కడబట్టువేళకు విడిచెడివాడు. జుట్టుపట్టి నేలపై నీడ్చెడివాడు. ఇదంతయు బాల్యచాపల్యమే గాని ద్రోహబుద్ధి కాదని వ్యాసుడు స్పష్టముగా చెప్పెను. నేడు ఏ బడిలోనైనను పట్టుబడిన పిల్లవాడు మొదట పలుకు మాటయు నిదియే: "ఊరికే ఆటకు చేసినానండీ." ఆ మాట తరచుగా నిజమే. కాని ఊపిరాడక నీట కొట్టుకొనుచున్నవానికి తన్ను ముంచినవాని మనస్సు నిర్మలమని తెలియుట యెట్లు? తెలిసినను వానికి దానివలన కలుగు నుపశమన మేమి? వ్యాసుడును భీముని సంకల్పశుద్ధిని చాటి కథ నక్కడ నాపలేదు. ఆ బలమును చూచి దుర్యోధనుని హృదయమున పుట్టిన విషమే ప్రమాణకోటియందు భీముని భోజనమున కలిసినదని వెంటనే చూపెను. ఇంత జరుగుచుండ పెద్దలెవ్వరైన భీముని వారించినట్లు ఆ ఘట్టమున కానరాదు.

ఆ పెద్దలే యనంతరము ద్యూతసభలో, తాను ధర్మమున గెలువబడితినా యను ద్రౌపది ప్రశ్నకు నిర్ణయము చెప్పలేక కూర్చుండిరి. అప్పుడు విదురుడు, పూర్వము ప్రహ్లాదునకు కశ్యపుడుపదేశించిన ధర్మమును వారికి వినిపించెను. సభలో నింద్యమైన కార్యము జరుగుచుండగా నిందింపక ఊరకుండినచో, ఆ పాపమున సగము సభకు పెద్దయైనవానిని, నాల్గవ వంతు చేసినవారిని, తక్కిన నాల్గవ వంతు ఊరకుండిన సభాసదులను చెందును. నిందించినచో పెద్దయు సభాసదులును విముక్తులగుదురు, పాపము కర్తనే చేరును. ఈ పంపకమున బాధపడినవానికి వీసమైనను వంతు లేకుండుట మిక్కిలి గమనింపదగిన విషయము. పొరుగుపిల్లవాడు ఏడ్చుచుండగా "వాని కర్మ యట్లున్నది" అని తలత్రిప్పుకొనువారు కర్మసిద్ధాంతమును తమ ఉపేక్షకు ఊతగా తెచ్చుకొనుచున్నారు; కశ్యపుని లెక్క వారిని సమర్థింపదు.

ఆ లెక్కను ఒక తరగతిగదిలో వేసి చూతము. ఏడవ తరగతి, తెలుగు గంట. నత్తిగల బాలుడొకడు పాఠము బిగ్గరగా చదువుచు "ప్రజలు" అను మాటవద్ద చిక్కుకొనెను. కడపటి బల్లనుండి "ప... ప... ప..." యని ఒక గొంతు వెక్కిరించెను. తరగతి గొల్లుమనెను. నవ్వినవారిలో కొందరికి నవ్వవలెనని లేదు. నవ్వకున్న రేపు తమ్మును వెక్కిరింతురేమో యని భయము. హాజరుపట్టీ నింపుకొనుచున్న ఉపాధ్యాయుని పెదవిపైనను చిరునవ్వొకటి మెరసి మాయమయ్యెను. ఆ బాలుడు మరునాటినుండి చదువుమన్నప్పుడెల్ల తలనొప్పి యని చెప్పసాగెను. ఇచ్చట సగము వంతు ఎవరిదో వేరుగ చెప్పనక్కరలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగమున పిల్లలను కొట్టుటయేగాక మానసికముగా వేధించుటయు నిషిద్ధమైనది. బెత్తమును మూలబెట్టియు ఎగతాళిని మానని గురువు, ఎగతాళి తప్పని యెంత చెప్పినను పిల్లల చెవి కెక్కదు. కావున హితము చెప్పబోవు పెద్దలు మొదట తమ వంతును ఒప్పుకొని, పిమ్మట పిల్లల వంతు మాట యెత్తవలెను.

పిల్లలకు భయము సహజము. తెలిసియు సాక్ష్యము పలుకనివాడు వేయి వరుణపాశములచే బద్ధుడగుననియు, ఏటి కొక్కటిగా మాత్రమే అవి వీడుననియు కశ్యపుడు చెప్పిన ఆ సందర్భముననే, ఆ మౌనమునకు కారణములుగా కామక్రోధములతోపాటు భయమును గూడ పేర్కొనియుండుట ఋషి మానవహృదయము నెరిగి పలికినందులకు నిదర్శనము. "చాడీలు చెప్పువాడు" అను పేరు వచ్చునని బాలుడు జంకును. ఒకనికి దెబ్బలు తినిపింపగోరి చెప్పినది చాడీ యనియు, ఒకనిని బాధనుండి తప్పింపగోరి చెప్పినది సాక్ష్యమనియు వానికి విడమరచి చెప్పవలెను. పదిమందిలో లేచి నిలుచుటకు ధైర్యము చాలనివాడు నవ్వులో చేరకుండవచ్చును, గంట కొట్టిన పిమ్మట ఆ ఒంటరివాని ప్రక్కకు పోయి కూర్చుండవచ్చును, పెద్దలలో తాను నమ్మిన యొకరికి చెప్పవచ్చును.

ఒక్కని మాటవలన నేమగునని సంశయించువారు వికర్ణుని చూడవలెను. ధృతరాష్ట్రుని కుమారుడై యుండియు అతడు లేచి, ద్రౌపది ధర్మమున గెలువబడలేదని పలికెను. కర్ణుడు అతనిని బాలుడని యధిక్షేపించెను, అన్యాయమును ఆగలేదు. అయినను ఆ మాట వినినంతనే సభలో గొప్ప కలకలము పుట్టి, సభ్యులు వికర్ణుని ప్రశంసించుచు శకునిని నిందించిరని వ్యాసుడు వ్రాసెను. అంతవరకు ఆ నింద వారి హృదయములయందే యుండెను. నోరు తెరచుటకు ముందొకడు కావలసివచ్చెను. ఫిన్లండు దేశమున టుర్కు విశ్వవిద్యాలయమువారు బడులకొరకు రూపొందించిన "కివా" పద్ధతియు ఇట్లే చూచుచున్న పిల్లలను కదిలించుటనే ప్రధానముగా నెంచినది.

నిందించినచో పాపము కర్తనే చేరునన్న మాటను తుదకు బాలుని విషయమున జాగ్రత్తతో గ్రహింపవలెను. వెక్కిరించినవాడును పండ్రెండేండ్లవాడే, వానిని వెలివేయుటకై తరగతిని మేల్కొల్పుట ధర్మము కాదు. మొదటి "ప" వద్దనే ఎవ్వరును నవ్వకున్నచో రెండవ "ప" పలుకుటకు వానికి ఉత్సాహముండదు. సకాలమున వారించు పెద్దలును, నవ్వుటకు నిరాకరించు తోటివారును ఉన్నచోట పాపము పూర్తికాకమునుపే ఆగును గనుక, ఎవరి వంతెంతయని పంచిపెట్టవలసిన పనియే యుండదు.