ఒంటరి విస్తరి

పాఠము: యోహాను 21:1-14



గడచిన మాసములో ఒక సాయంకాలము ఏలూరులో సంఘపు పని ముగించుకొని తాడేపల్లిగూడెము బస్సు కొరకు వచ్చితిమి. అది అప్పుడే వెళ్లిపోయినది. మరియొకటి గంటసేపటికి గాని లేదు. ప్రొద్దున తిన్న చద్దన్నము తప్ప కడుపులో ఏమియు లేదు. దగ్గరలో చేపల భోజనము పెట్టు చిన్న హోటలు కనబడగా మేమొక్కరమే లోనికి వెళ్లితిమి. రేకుల కప్పు, నాలుగు బల్లలు. కొరమీను పులుసు వాసన వీధివరకు వచ్చుచున్నది. కొల్లేటి చేప రుచి మీకు మేము చెప్పనక్కరలేదు.

మా తాతగారు ఇట్టి చోట లోపల కూర్చుండి యెరుగరు. ఆయనకు వీధిలోనే వేరు గ్లాసు. 1950లో రాజ్యాంగము హోటళ్లలో ప్రవేశము కులమునుబట్టి ఎవరికిని కాదనరాదని చెప్పెను. 1955లో అస్పృశ్యత నేరముల చట్టము వచ్చెను. అట్లు లభించిన బల్లయొద్ద మేము కూర్చుంటిమి.

ఆకు వేసి అన్నము వడ్డించిరి, పులుసు పోసిరి. ఇక్కడ ఒక సంగతి దాచక చెప్పవలెను. ఆదివారమున సంఘమంతటి యెదుట చేతులెత్తి ప్రార్థించు మేము, అక్కడ కన్నులు మూసికొనుటకు సిగ్గుపడితిమి. చుట్టునున్నవారందరు పరాయివారు. ఒంటరిగా తినువాడు నలుగురి కన్నులును తన విస్తరిమీదనే ఉన్నవనుకొనును. చొక్కా గుండీ సవరించుకొనుచున్నట్లు తల వంచి, మనస్సులో రెండు మాటలనుకొని, ముద్ద కలిపితిమి.

ఎదుటి బల్లయొద్ద ఒక మనుష్యుడు ఒంటరిగా కూర్చుండియుండెను. చొక్కామీద చేపపొలుసులు అంటియున్నవి. అన్నము కలిపి, తినక, మావైపు చూచుచుండెను.

“అయ్యగారండీ, మీరు ప్రార్థన చేస్తారని ఆగానండి. అయిపోయిందాండి?”

ముద్ద మా గొంతులో ఆగినది.

కొన్నేండ్ల క్రితము క్రిస్మసు కూటమునకు వెళ్లి వారింటనే భోజనము చేసితిమట. అతని ముఖము మాకు జ్ఞాపకము లేదు. ఆ యింటి చేపల ఇగురు మాత్రము, చెప్పుటకు సిగ్గగుచున్నది, వెంటనే జ్ఞాపకమునకు వచ్చెను.

కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2006లో దాని లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వము కొట్టివేయించెను. సరస్సు బ్రదుకుటకు అది కావలసినదే. గాని ఆ చెరువులలో వాటా ఉన్న బీదలకు అప్పులు మిగిలినవి. ఇతడును వారిలో ఒకడు. ఇప్పుడు ఐసు షెడ్డులో శీలావతి, బొచ్చె చేపలను పెట్టెలకెత్తి, బెంగాలు, అస్సాము పోవు లారీలలో వేయును. భార్య అప్పు తీర్చుటకు కువైటులో ఇంటిపనికి వెళ్లి రెండేండ్లాయెను. పిల్లలు హాస్టలులో ఉన్నారు.

“వండుకొనుట రాదా నాయనా?” అని అడిగితిమి.

“వండుకోడం వచ్చండి. ఒక్కడినీ తినడమే రాదండి. ఇక్కడైతే నలుగురి చప్పుడుంటదండి.”

సెమినరీలో ఉపాధ్యాయుడొకరు చెప్పిన మాట అప్పుడు తలంపునకు వచ్చినది. గ్రీకు మూలములో ‘బొగ్గుల నిప్పు’ అను ఒక మాట కలదు. అది క్రొత్త నిబంధనలో రెండే చోట్ల, రెండును యోహాను సువార్తలోనే, కనబడును. మొదటిది ప్రధానయాజకుని ముంగిట. పరాయివారి నడుమ చలి కాచుకొనుచు పేతురు తన ప్రభువును ఎరుగననెను. అతడును నలుగురి కన్నులకే భయపడెను. రెండవది తిబెరియ సముద్రపు ఒడ్డున. రాత్రియంతయు వలలు లాగి వచ్చినవారి కొరకు ప్రభువే నిప్పులమీద చేపలు కాల్చి సిద్ధపరచెను. ఆయనకు చేపలకు కొదువ లేదు. అయినను వారు పట్టినవాటిలో కొన్ని తెమ్మని అడిగెను. వలలో నూట ఏబదిమూడు ఉండెను. మనము గమనింపవలసినది మరియొకటి కలదు. ప్రేమించుచున్నావా అని పేతురును ఆయన అడిగినది భోజనమైన తరువాతనే. ఆకలితో, సిగ్గుతో ఉన్నవానికి మొదట వడ్డించెను.

మేము మా ఆకు ఎత్తుకొని అతని బల్లకు మారితిమి. సగము కలిపిన అన్నము మీద ప్రార్థన చేయుట సెమినరీలో మాకు నేర్పలేదు. చేసితిమి, కన్నులు మూసికొని, పైకి వినబడునట్లే. కువైటులోనున్న సహోదరి పేరును చెప్పితిమి. అతడు ఆమేన్ అని, తన పులుసులోని తలకాయ ముక్క తీసి మా ఆకులో వేసెను. వద్దంటే వినలేదు. ఆ బస్సును పోయినది.

ఇంటికి వచ్చి మా పాస్టరేటులో గల్ఫుకు వెళ్లినవారి ఇండ్లు వ్రాయ మొదలుపెట్టితిమి. ఇంకను పూర్తికాలేదు. మంగళవారము సాయంకాలము మొదటి ఇంటికి వెళ్లితిమి. ఈసారి చేపలు మేమే పట్టుకొనిపోతిమి.