నౌపడ జంక్షన్ పుణ్యం ఎవరి ఖాతాలో?

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం వాళ్లకు దగ్గరి రైల్వేస్టేషన్ పూండి. అక్కడ విశాఖ వైపు వెళ్లే ప్యాసింజరు ఎక్కితే కాసేపటికే నౌపడ వస్తుంది. ఉప్పు మళ్లకు పేరున్న ఊరు. అక్కడ మెయిన్ లైను నుంచి ఒక బ్రాంచి లైను విడిపోయి టెక్కలి, పాతపట్నం మీదుగా ఒడిశాలోని పర్లాకిమిడికి, అక్కడి నుంచి వంశధార లోయ వెంట గుణుపూర్‌కు వెళ్తుంది. మొత్తం 90 కిలోమీటర్లు.

దీన్ని మొదట వేయించింది ప్రభుత్వం కాదు, పర్లాకిమిడి మహారాజు గౌరచంద్ర గజపతి నారాయణదేవ్. మద్రాసు, కలకత్తాలను కలిపే పెద్ద లైను 1890లలో తీరం వెంట సాగిపోయింది. ఆయన రాజధాని పాతిక మైళ్లు లోపల ఉండిపోయింది. 1898లో అనుమతి వచ్చింది. రెండున్నర అడుగుల నేరోగేజి పట్టాలు, ఏడు లక్షల రూపాయల ఖర్చు. 1900 ఏప్రిల్ 1న లైనును జనానికి తెరిచారు. పర్లాకిమిడి లైట్ రైల్వే అన్నారు. తొలి ఏళ్లన్నీ నష్టాలే. 1910 తర్వాత కొద్దిగా లాభం కనబడింది, 1924-25 తర్వాత పెరిగింది. ఆ లాభం చూసుకునే, ఆయన వారసుడు కృష్ణచంద్ర గజపతి కాలంలో, 1929లో ఒక విడత, 1931లో ఇంకో విడతగా లైను గుణుపూర్ దాకా పొడిగించారు.

చెరువు తవ్వించినవాడికి పుణ్యం వస్తుందని మన పెద్దలకు ఎన్నడూ అనుమానం లేదు. మరి రైలు వేయించినవాడికో? వస్తే ఎప్పుడు వస్తుంది? అనుమతి కాగితం మీద సంతకం పెట్టిన రోజునా, మొదటి బండి కదిలిన రోజునా, లేక నూరేళ్ల తర్వాత గుణుపూర్ నుంచి ఒక రోగి విశాఖ ఆస్పత్రికి బయల్దేరిన రోజునా?

తెలుగువాళ్లకు ఈ లెక్క కొత్తది కాదు. సప్తసంతానాలని ఏడింటిని చెప్పుకున్నారు: కొడుకు, చెరువు, గుడి, తోట, నిధి, అగ్రహారం, కావ్యం. మనిషి పోయాక కూడా అతని పేరు నిలబెట్టేవి ఇవి. కృతిపతిని పొగిడే కవులు మొదటి ఆరూ కాలానికి లొంగుతాయని, కావ్యమే నిలుస్తుందని ఒప్పించి తమ పని చక్కబెట్టుకునేవారు. ధర్మశాస్త్రాలు యజ్ఞయాగాదులను ఇష్టమని, బావులు, చెరువులు, గుళ్లు, తోటలు, అన్నసత్రాల వంటివాటిని పూర్తమని విడదీశాయి. మనుస్మృతి దీనికి ఒక షరతు పెట్టింది. శ్రద్ధతో, న్యాయంగా సంపాదించిన డబ్బుతో చేస్తేనే ఆ ఫలం తరగనిదవుతుంది. ఏడు లక్షలు జమీందారు ఖజానా నుంచి వచ్చాయి, ఖజానాలోకి రైతుల శిస్తు నుంచి వచ్చాయి. మనువు షరతు దగ్గరే మహారాజు ఖాతా కొంచెం చిక్కులో పడుతుంది.

ఇంకో షరతు దీనికన్నా గట్టిది. చెరువు తవ్వించినవాడు చివర్లో ఉత్సర్గం చేయాలి. నీళ్లు ధారపోసి, ఇకమీదట ఇది సమస్త ప్రాణులదీ అని వదులుకోవాలి. ఆ తర్వాత ఆ చెరువులో అతనూ అందరిలో ఒకడే. రైలుకు అలాంటి తంతు లేదు. టిక్కెట్టు ఉంటుంది, రాబడి లెక్క ఉంటుంది. ఆ లెక్క చూసే కదా గుణుపూర్ దాకా పొడిగించింది.

నిష్కామ కర్మ కొలత తీసుకుంటే ఫలితం విచిత్రంగా వస్తుంది. నష్టం వచ్చినా నడిపిన పర్లాకిమిడి ముక్కకు ఎక్కువ మార్కులు, లాభం కోసం వేసిన గుణుపూర్ ముక్కకు తక్కువ. కానీ రైలు అవసరం ఎక్కువ ఉన్నది ఆ రెండో ముక్క మీదే. కొండల అంచున, సవరల నేలలో, రోడ్డు సరిగా లేని కాలంలో పడిన పట్టాలవి. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసి సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి ఆ భాషకు రాసిన వ్యాకరణం మద్రాసులో అచ్చయిందీ 1931లోనే. ఒకే ఏడాది ఆ లోయలోకి రెండు దారులు తెరుచుకున్నాయి. ఒకటి ప్రేమతో, ఒకటి లాభాపేక్షతో. ఎక్కేవాడికి వేయించినవాడి మనసుతో పనేముంది?

సరిగ్గా ఈ ప్రశ్న మీదే రెండువేల ఏళ్ల కిందట బౌద్ధులు తగువులాడుకున్నారు. పాళీ త్రిపిటకంలో కథావత్థు అనే వాదగ్రంథం ఉంది. అశోకుడి కాలపు మొగ్గలిపుత్త తిస్సుడి పేరు మీద చెలామణి అవుతుంది. అందులో ఏడో వర్గంలో ఒక చర్చ: దానం ఇచ్చిన వస్తువును పుచ్చుకున్నవాళ్లు వాడుకునే కొద్దీ ఇచ్చినవాడి పుణ్యం పెరుగుతుందా? పెరుగుతుందన్నది రాజగిరికులు, సిద్ధత్థికులు, సమ్మితీయులు అని వ్యాఖ్యానం చెబుతుంది. వీళ్లలో మొదటి ఇద్దరినీ అది అంధకుల్లో కలిపి లెక్కిస్తుంది. అంటే ఆంధ్రదేశపు బౌద్ధ శాఖలు. వంశధార ఒడ్డునే శాలిహుండంలో స్తూపాలు, చైత్యగృహాలు కట్టుకున్న బౌద్ధులు ఏ పక్షం పట్టారో గానీ, ఈ వాదం వాళ్లకు పరాయిది అయి ఉండదు.

అంధకులకు ఆధారం సంయుత్త నికాయంలోని ఒక చిన్న సుత్తం. తోటలు వేసినవాళ్లకు, వంతెనలు కట్టినవాళ్లకు, చలివేంద్రాలు, బావులు, సత్రాలు ఏర్పాటు చేసినవాళ్లకు పుణ్యం రాత్రింబవళ్లు పెరుగుతూనే ఉంటుందని బుద్ధుడు చెప్పిన సందర్భం. కట్టినవాడు నిద్రపోతున్నా పెరుగుతుందంటే, అది వంతెన దాటేవాళ్ల వల్ల కాక మరెలా పెరుగుతుంది?

థేరవాదులు ఒప్పుకోలేదు. పుణ్యమంటే చేతన, అంటే సంకల్పం. సంకల్పం ఇచ్చేవాడి మనసులో ఉంటుంది, వాడుకునేవాడి చేతుల్లో ఉండదు. పుచ్చుకున్నవాడు వాడకుండా పారేస్తే? రాజు లాక్కుపోతే, దొంగలు ఎత్తుకుపోతే, నిప్పు కాల్చేస్తే, వరద ముంచేస్తే? అప్పుడు ఇచ్చినవాడికి పుణ్యం లేనట్టేనా? ఉన్నట్టేనని మీరూ ఒప్పుకుంటారు కదా, మరి వాడకం వల్ల అని ఎందుకంటారు? పదునైన వాదమే. కథావత్థు సంకలనం చేసినవాళ్లు థేరవాదులే కాబట్టి గెలుపు కూడా వాళ్లదే.

నౌపడ లైనుకు అవన్నీ దాదాపుగా జరిగాయి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి అటు పోయింది, పాతపట్నం, టెక్కలి ఇటు మిగిలాయి. ఒకే జిల్లాలో మొదలైన రైలు రెండు రాష్ట్రాల బండి అయింది. లైను వేయించిన వంశంలోని కృష్ణచంద్ర గజపతి ఒరిస్సాకు తొలి ప్రధాని అయ్యాడు. ఆ విభజనను ఒప్పుకోని గిడుగు మాత్రం అన్నేళ్లు బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయాడు. ఇక రైలు రాజు చేతి నుంచి జారి బెంగాల్ నాగపూర్ రైల్వేలో కలిసింది. 1955లో సౌత్ ఈస్టర్న్ కిందికి, 2003లో ఈస్ట్ కోస్ట్ కిందికి వచ్చింది. ఎవరూ నీళ్లు ధారపోయలేదు గానీ ఉత్సర్గం జరిగిపోయింది.

2004 జూన్‌లో నేరోగేజి బండి ఆగిపోయింది. పట్టాలు పీకి బ్రాడ్‌గేజి వేశారు. పర్లాకిమిడి దాకా 2010లో, గుణుపూర్ దాకా 2011లో మళ్లీ రైలు నడిచింది. మహారాజు వేయించిన పట్టాల్లో ఒక్కటీ ఇప్పుడు దారిలో లేదు. వస్తువు పోయింది, దాత పోయాడు, రాజ్యం పోయింది. మిగిలిందల్లా ఎక్కి దిగే జనమే. థేరవాదుల లెక్కలో 1900లో ముగిసిపోవాల్సిన సంగతి, పొద్దున బండితో మళ్లీ మొదలవుతోంది.

నౌపడలో ఇంకో విషయం దగ్గరగా చూడాలి. పేరుకు జంక్షనే గానీ నూటనాలుగేళ్ల పాటు అక్కడ పట్టాలు కలవలేదు. మెయిన్ లైను వెడల్పు ఐదున్నర అడుగులు, బ్రాంచి వెడల్పు రెండున్నర. చిన్న బండి పెట్టె పెద్ద లైనెక్కదు. గుణుపూర్ వైపు నుంచి వచ్చిన ప్రతి బస్తానూ దించాలి, భుజానికెత్తుకుని ప్లాట్‌ఫారం దాటించాలి, పెద్ద వ్యాగన్‌లో పేర్చాలి. ఇటు నుంచి అటు వెళ్లే సరుకుదీ అదే దారి. రెండు లైన్లను కలిపింది ఇనుము కాదు, కూలీల భుజాలు. వాళ్లు చేసింది దానమా? కూలి పుచ్చుకున్నారు కాబట్టి కాదంటారు. ఆ మాటకొస్తే మహారాజూ టిక్కెట్టు డబ్బు పుచ్చుకున్నాడు. వానలో ట్రాకు వెంట నడుస్తూ వదులైన కీలను సుత్తితో బిగించే కీమ్యాన్ సంగతీ అంతే. పుణ్యం వాడకంతో పెరిగేదైతే, వాడకాన్ని బతికించేవాళ్లకు అందులో వాటా లేదనడం కష్టం.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తగలకూడని ఆరు దోషాలను చెప్పి, రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బళ్లు రెండేళ్లు పనిచేశాయని లెక్క రాసింది. వెయ్యిమంది అన్న అంకె ఉంది. పేరున్నది తవ్వించిన భాస్కర భవదూరుడికి.

థేరవాదుల వాదం అసలు నిలవనిది మరోచోట. ఇష్టం లేకుండా ఇచ్చినవాళ్ల దగ్గర. ఏ జంక్షన్ కట్టాలన్నా ఎవరిదో నేల పోవాలి. హైదరాబాద్ మెట్రోలో ఆకుపచ్చ లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దగ్గర ఆగింది. అక్కడి నుంచి పాతబస్తీ గుండా చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు పొడిగించి, విమానాశ్రయం వైపు వెళ్లే లైనుతో అక్కడ కలపాలన్నది ప్రణాళిక. దారిలో గుళ్లు, మసీదులు, ఆషూర్ఖానాలు, దర్గాలు వందకు పైగా ఉన్నాయి. వాటిని తాకకుండా స్తంభాల చోటు సర్దుతామని అధికారులు చెప్పారు. మంచిదే. ఇళ్లకు, దుకాణాలకు మాత్రం గజానికి 81 వేల రూపాయల పరిహారం కట్టారు. దేవుడి చోటు తప్పించుకుంది, మనిషి చోటు పోయింది. ఇచ్చినవాడికి ఇవ్వాలన్న సంకల్పం లేదు కాబట్టి, చేతన లెక్కలో అతనికి దక్కే పుణ్యం సున్నా. సంతకం పెట్టినవాడికి మాత్రం నిండుగా ఉంటుంది. ఇలాంటి ఫలితం ఇచ్చే లెక్కలో ఎక్కడో తప్పుండాలి. వాడకమే కొలత అంటే, ఆ దారిన రైలు నడిచినంత కాలం ఆ ఇంటివాళ్లూ దాతలే.

అంధకుల లెక్కకు ఒక బరువు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. వాడకంతో పుణ్యం పెరిగేదైతే, నష్టంతో పాపమూ పెరగాలి. నౌపడ పక్కనే సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేవు నుంచి నౌపడకు రైలు లైను వేయాలన్నది అందులో భాగం. మూలపేట, విష్ణుచక్రం ఊళ్ల వాళ్లకు నౌపడ దగ్గర పునరావాస కాలనీ అన్నారు. రేవు ఎవరి హయాంలో మొదలైంది, ఎవరి హయాంలో పూర్తవుతుంది అన్న క్రెడిట్ పోరు నడుస్తూనే ఉంది. శంకుస్థాపన నాటి సంకల్పాన్ని ఎవరైనా పొగుడుకోవచ్చు. ఆ లైను మీద నూరేళ్లు నడిచే గూడ్సు బళ్లూ, వేట పోయిన మత్స్యకారుల ఇళ్లూ ఒకే ఖాతాలో రాయాలి. ఓ వైపు పేజీ చింపేసి రెండోది చూపిస్తే కుదరదు.

గుణుపూర్ దగ్గర ఆగిన పట్టాలు కూడా మళ్లీ కదలబోతున్నాయి. గుణుపూర్ నుంచి తెరుబలికి 73.62 కిలోమీటర్ల కొత్త లైనుకు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదం తెలిపింది. అది పూర్తయితే నౌపడ బ్రాంచి విజయనగరం–రాయ్‌పూర్ లైనులో కలుస్తుంది, చివరి స్టేషను దారి మధ్య స్టేషను అవుతుంది. తెరుబలి దగ్గర ఇంకో జంక్షన్ పుడుతుంది. ఈసారి వేయించే మహారాజు లేడు, పన్ను కట్టేవాళ్లే ఉన్నారు. భూసేకరణ నోటీసులో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు పేరు, పరిహారం వరసగా ఉంటాయి. ఆ మూడో గడిలోని పేర్లను ప్రారంభోత్సవ ఫలకం మీద, మంత్రుల పేర్ల కింద అయినా సరే, రైల్వే చెక్కించవచ్చు. అయ్యే ఖర్చల్లా కాస్త పెద్ద రాయి.